ధాత మరల వచ్చునా?

మార్కాపురమునుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసిరి. ఆమె అత్తగారు 1996వ సంవత్సరమున ఇంటనున్న జొన్నలలో ఒక్క గింజయైనను అమ్మనీయలేదట. ధర బాగుగనే పలికినది. కొడుకు బ్రతిమాలెను, పిమ్మట కోపించెను. వర్తకుడు బండి తెచ్చి వాకిట నిలిపెను. అయినను ఆమె కొట్టుగది తాళపుచెవిని కొంగుముడినుండి విప్పలేదు. కారణ మడిగినవారికి "ఇది ధాత" అని మాత్రము చెప్పెడివారట. ఇంటివారు చాటున నవ్వుకొనిరి. ఇప్పుడా అత్తగారు లేరు. "ఆమె చేసినది వెఱ్ఱియా, వివేకమా? మరల ధాత వచ్చునాటికి నా కోడలితో నేనేమి చెప్పవలయును?" అని ఆ సోదరి అడుగుచున్నారు.

మన చదువరులలో పెద్దలకు "ఇది ధాత" అన్న మాట వెంటనే తెలియును. పిన్నలకొరకు కొంత చెప్పవలసి యున్నది. మన సంవత్సరములు అరువది. ప్రభవతో మొదలై అక్షయతో ముగియును. ముగియగనే మరల ప్రభవ. బృహస్పతి ఆకాశమును చుట్టివచ్చుటకు సుమారు పండ్రెండేండ్లును, శనికి సుమారు ముప్పదియేండ్లును పట్టును. అరువదియేండ్లకు ఇరువురును ఇంచుమించుగా బయలుదేరిన చోటికే వత్తురు. ఈ లెక్కనుబట్టియే అరువది సంవత్సరముల చక్ర మేర్పడినది. 1927లో వచ్చిన ప్రభవ 1987లో మరల వచ్చినది, 2047లో మరల వచ్చును. పూర్వము పిల్లలకు అక్షరములు పట్టుపడగానే మార్కాపురపు పలకమీద ఈ పేర్లు వ్రాయించి కంఠస్థము చేయించెడివారు. మన అమ్మమ్మలకు క్రీస్తుశకపు లెక్క తెలియకున్నను "నేను ప్రమోదూతలో పుట్టితిని" అని చెప్పగలిగెడివారు. అరువదేండ్ల తేడాను మనుష్యుని చూచి ఎవరైనను దిద్దుకొందురు గదా!

ఇట్లు పేర్లు తిరిగివచ్చునప్పుడు వానితోకూడ జ్ఞాపకములు తిరిగివచ్చును. 1832లో నందన సంవత్సరమున గుంటూరు సీమను పాడుచేసిన కరువు "నందన కరువు" అనియే నిలిచినది. 1876లో ధాత సంవత్సరమున మొదలైనది "ధాత కరువు". మార్కాపురము, కంభము, గిద్దలూరు ఆనాడు కర్నూలు జిల్లాలోనివి. 1970లో గదా ఒంగోలు కేంద్రముగా క్రొత్తజిల్లా యేర్పడగా అందు చేరినవి. ఆ కరువులో మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో కర్నూలు ఒకటి. 1871 నాటి జనాభా లెక్కతో 1881 నాటి లెక్కను పోల్చిచూచినచో ఆ జిల్లాలో సుమారు నాలుగవవంతు జనము తగ్గిపోయినది. నాలుగు గడపల యూరిలో ఒక గడప మూతపడిన దన్నమాట.

ఆ సోదరి అత్తగారు 1930లో, ప్రమోదూతలో పుట్టినవారు. ఆమెను పెంచిన నాయనమ్మ ఏడెనిమిదేండ్ల పిల్లగా ధాత కరువు దాటి వచ్చినదట. ఆ ముసలమ్మ జీవించియుండగనే 1936లో ధాత పేరు మొదటిమారు తిరిగివచ్చినది. ఉగాదినాడు పంచాంగము విని ఇంటికి వచ్చి, పాతరమీది మన్ను ఎవరును కదపరాదని ఆనపెట్టినదట. ప్రక్కన నిలిచి చూచిన ఆరేండ్ల మనుమరాలు అరువదేండ్ల పిమ్మట, తన వంతు రాగా, తాళపుచెవిని కొంగున ముడివేసికొన్నది.

ఇట్టి భయము మన కొక్కరికే పుట్టినది కాదు. సముద్రములకు ఆవల మెక్సికో దేశమున అజ్టెకులను జనముండిరి. వారికిని సంవత్సరచక్రము కలదు. కుందేలు, రెల్లు, చెకుముకిరాయి, ఇల్లు అను నాలుగు గుర్తులను ఒకటి మొదలు పదుమూడువరకు గల అంకెలతో కలిపి సంవత్సరములకు పేర్లు పెట్టెడివారు. ఆ విధముగా 52 పేర్లు. వారికి 365 దినముల సంవత్సర మొకటి, 260 దినముల పుణ్యకాలపు లెక్క మరియొకటి ఉండెను. ఈ రెండును మొదలుపెట్టిన చోట మరల కలిసికొనుటకు సరిగా 52 ఏండ్లు పట్టును. ఆ కలిసికొను రాత్రి వారికి కాళరాత్రి. చక్రము మరల తిరుగునో, సూర్యుడు ఉదయింపక లోకము అంతమగునో యని వారు నిజముగా వణకిరి.

ఆ రాత్రి గృహిణులు చేసిన పనులు వినుడు. దేశమంతట పొయ్యిలార్పిరి. పాత కుండలను, రోళ్లను, పొయ్యిరాళ్లను పారవేసిరి. గర్భవతులు మృగములుగా మారుదురని శంకించి, కలబందజాతి మట్టలతో ముసుగులు చేసి వారికి తొడిగి, ధాన్యపుకొట్లలో ఉంచి కావలి కాచిరి. పిల్లలు నిద్రించిన ఎలుకలగుదురని గిల్లుచు, కుదుపుచు మేలుకొలుపుచుండిరి. పూజారులు హుయిషాచ్ట్లాను అను కొండ యెక్కి కృత్తికలను చూచుచు కూర్చుండిరి. మన పల్లెలలో పిల్లలకోడి యని పిలుచు ఆ చుక్కలగుంపే! అది నడురాత్రి నడినెత్తిని దాటి ముందుకు సాగినచో లోకమునకు మరియొక 52 ఏండ్ల ఆయువు దొరకినట్లు. సాగినది. అప్పుడు ఒక బందీని బలియిచ్చి, వాని రొమ్ముమీద కొయ్యను మథించి నిప్పు పుట్టించిరి. ఈ మాట వ్రాయుటకు మాకు చేయి రాలేదు గాని, దాచిన చరిత్ర చరిత్ర కాదు. ఆ నిప్పును దివిటీలతో పరుగెత్తి గుడులకు, గుడులనుండి ఇండ్లకు చేర్చిరి. తెల్లవారగనే ఆడువారు క్రొత్త చాపలు పరచి, క్రొత్త పొయ్యిరాళ్లు నిలిపి, క్రొత్తబట్టలు కట్టిరి.

భోగినాడు పాతసామానులను మంటలో వేయువారమును, ఉగాదికి ఇల్లలికి క్రొత్తకుండ దించువారమును మనకు ఇందులో కొంత తెలిసినట్లుండును, కొంత ఒడలు జలదరించును. ఉగాది ముందటి రాత్రి మన మెవ్వరమును తెల్లవారదేమో యని మేలుకొని కూర్చుండము. సంవత్సరము మారునది మనము నిద్రలో నున్నప్పుడే. మన భయము సూర్యునిగూర్చినది కాదు, వానగూర్చినది. గుడిలో పంచాంగము చదువునప్పుడు సముద్రముమీద ఇంత, కొండలమీద ఇంత, నేలమీద ఇంత అని వానను పంచుపట్ల గుండ్లకమ్మ సీమలోని రైతుటిల్లాలు పెట్టు చెవి మరి యే ఫలమునకును పెట్టదు.

అయితే అజ్టెకుల కథలో మార్కాపురపు అత్తగారికి దగ్గరియైన భాగము వేరుగా నున్నది. 1450 మొదలు కొన్నేండ్లు వారి దేశమున మంచు కురిసి, వానలు తప్పి, పంటలు పోయినవి. 1454లో ఆ కరువు ముదిరినది. ఆ యేటి పేరు ఒకటవ కుందేలు. తల్లిదండ్రులు బిడ్డలను తూర్పు తీరమువారికి మొక్కజొన్నలకు అమ్ముకొనిరి. ఆడుపిల్లకు 400 కంకులు, మగపిల్లవానికి 500 అని ఆనాటి వృత్తాంతములలో నున్నది. (ఆ బేరమునందును ఆడుపిల్లకు నూరు కంకులు తక్కువే!) "ఒకటవ కుందేలు పట్టినది" యనుట కరువు పడుటకు వారి భాషలో మారుమాట అయినది. 52 ఏండ్లు గడచి 1506లో ఆ పేరే తిరిగివచ్చినది. చక్రమును ముడివేసి క్రొత్తనిప్పు పుట్టింపవలసిన యేడును అదియే. చక్రవర్తి మొక్టెజూమా ఆ పేరుగల సంవత్సరమున పండుగ చేయుటకు జంకి, మరుసటి యేటికి, అనగా 1507లో రెండవ రెల్లునకు జరిపెను. అదియే కడపటి క్రొత్తనిప్పు. 1521లో స్పెయినువారు ఆ రాజ్యమును కూల్చిరి. 1559లో 52 ఏండ్లు మరల నిండినను ఆ కొండమీద నిప్పు వెలుగలేదు. సూర్యుడుమాత్రము ఉదయించెను.

మనవారును ఇట్టి పని యొకటి చేసినట్లు మాకు తోచుచున్నది. కడపటి సంవత్సరమునకు కొన్ని సంస్కృతపు పట్టికలలో "క్షయ" యని పేరు. మన తెలుగు పంచాంగములలో అది "అక్షయ". వారు పండుగను ఒక యేడు జరిపిరి, మనము ఒక అక్షరము చేర్చితిమి.

ఇక సోదరి ప్రశ్నకు వత్తము. ధాత యను పేరులో పాపమేమియు లేదు. ధాత యనగా సృజించి పోషించువాడు. 1936లో ఆ పేరు వచ్చినది, 1996లో వచ్చినది. 1876 నాటి కరువువంటిది వెంట రాలేదు. అంతియేకాదు, ఆ కరువులో మరణములు మిక్కుటముగా జరిగినది 1877లో, అనగా విశేషముగా తరువాతిదైన ఈశ్వర సంవత్సరమున. అపకీర్తిమాత్రము ధాత మోసినది. ఆనాడు వాన తప్పినమాట నిజము. దానికితోడు, దేశమున గింజ లేక కాదు, ఉన్న గింజ రేవులకు తరలి పరదేశములకు పోవుచుండగనే జనము చచ్చిరి. 1877 జనవరి మొదటి తేదీన ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా చాటుచు గొప్ప దర్బారు జరిగినది. ఆ యేడే రిచర్డు టెంపులు దొర మద్రాసు రాజధానికి వచ్చి, కరువుపనిలో రాళ్లుకొట్టు మగవానికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల గింజకు, ఒక అణాకు సరిపడు కూలి చాలునని తగ్గించెను. ఆడువారికి అంతకంటె తక్కువ. చంకబిడ్డకు పాలిచ్చు తల్లి ఆ గింజతో ఎట్లు నిలుచునో మన సోదరీమణులే యోచింతురుగాక. నంద్యాల గిద్దలూరుల నడుమ నల్లమలను చీల్చుకొని రైలుదారి వచ్చినది ఆ కరువు తరువాతనే.

కాబట్టి పేరును చూచి భయపడుట వెఱ్ఱియే. కాని ఆ అత్తగారు పేరును చూచి చేసిన పని వెఱ్ఱి కాదు. ఇంటిలో ఏడాది గింజ నిలువ యుంచుట ఈ వానలేని సీమలో పూర్వులు కనుగొన్న మొదటి భీమా. రెండవది చెరువు. కంభములో రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా కట్ట వేయించినది కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ యని ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. 2020లో ఆ చెరువునకు ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడముగా గుర్తింపు వచ్చినది. రాణి కట్టతో చేసినది ఇల్లాలు తాళపుచెవితో చేయును. ధాతలోనే చేయవలయునా యని అడిగిన, చేయనక్కరలేదు. కాని అరువదేండ్లకొకమారైనను జ్ఞాపకము చేయుటకు ఒక పేరు ఉండుట నష్టమా?

మరల ధాత 2056లో వచ్చును. సోదరి తన కోడలితో కరువు సంగతియు, కూలి సంగతియు, గింజలు రేవుకు పోయిన సంగతియు చెప్పవలయునని మా మనవి. భయమును మాత్రము చెప్పి కారణమును చెప్పకున్నచో, కోడలు నవ్వి మరచును.

జాబు చివర ఆమె వ్రాసిన ముక్కయొకటి విడువ మనస్సొప్పలేదు. 1997లో ఈశ్వర సంవత్సరపు ఉగాదినాడు అత్తగారు తామే కొట్టుగది తెరచిరట. గోడవారనున్న నాలుగు బస్తాలకు పురుగుపట్టి పిండి రాలుచుండెను. కొడుకు ఆ బస్తాలను చూచెను, తల్లిని చూచెను, ఏమియు అనలేదు. ఆమె ఆ పురుగుజొన్నలను ఎద్దులకు పెట్టించి, మంచివానిని చెరిగి, ఆ సాయంకాలము పొరుగిండ్లవారికిని చాలునట్లు సంగటి వండించిరట.