రక్తం మాది, రాత ఎవరిది?

నూరేళ్ల కిందట టేపులూ కొలతబద్దలూ పట్టుకుని మా పల్లెల మీద పడ్డారు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలవాళ్ల, తెగలవాళ్ల తలలూ ముక్కులూ కొలిచి, 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. ఎవడి ముక్కు ఎంత వెడల్పో దాన్నిబట్టి వాడి అంతస్తు చెప్పొచ్చన్నది ఆనాటి దొరల శాస్త్రం. కొలిపించుకున్నవాడికి ఆ పుస్తకం చదివే చదువే లేదు.

ఈసారి సూదులు పట్టుకొచ్చారు. 2009 సెప్టెంబరులో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. మన హైదరాబాదులోని సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాల, బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి చేసిన పని అది. బ్రాడ్ అంటే హార్వర్డ్, ఎంఐటీ, అక్కడి పెద్దాసుపత్రులు కలిసి 2004లో పెట్టుకున్న పరిశోధన కేంద్రం. ఎలీ బ్రాడ్ అనే కోటీశ్వరుడి కుటుంబం మొదట్లోనే పది కోట్ల డాలర్లు ఇస్తే లేచిన సంస్థ. వీళ్లంతా కలిసి 25 కులాల, తెగల నుంచి 132 మంది రక్తాన్ని పరీక్షించారు. ఆ జాబితాలో మాల ఉంది, మాదిగ ఉంది, చెంచు ఉంది. వైశ్య, వెలమ, నాయుడు, కంసాలి ఉన్నాయి. అంటే సగటు తెలుగు పల్లె మొత్తం అమెరికా కంప్యూటర్లోకి ఎక్కింది.

అయ్యా, ఎక్కించారు బాగానే ఉంది. అందులో ఏం తేలిందో మాలపల్లెకూ మాదిగగూడేనికీ వచ్చి తెలుగులో చెప్పినవాడెవడు? పల్లెబడుల్లో పాఠాలు చెప్పుకునే మేమే ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుకోవాల్సి వచ్చింది. చదివాక అర్థమైంది, ఎందుకు చెప్పలేదో!

అందులో తేలింది ఇదీ. ఈ దేశంలో దాదాపు అందరూ రెండు పాత జనాల కలగలుపు. ఒకటి మధ్య ఆసియా, పశ్చిమాసియా, యూరపు జనాలకు దగ్గరి జనం. రెండోది ఇక్కడి పాత జనం. మొదటి పాలు మాలల్లో సుమారు 39 శాతం, మాదిగల్లో 41, వెలమల్లో 55, కాశ్మీరీ పండితుల్లో 71. శుద్ధ రక్తం ఎవడిది? ఎవడిదీ కాదు! మా నీడ పడితే మైలపడ్డవాడి ఒంట్లోనూ మా తాతల రక్తమే పారుతోంది. 2013లో అదే బృందం ఇంకో ముక్క తేల్చింది. ఈ కలయిక సుమారు 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా జరిగింది. ఆ తర్వాత తలుపులు మూసుకున్నాయి. ఎవరి కులంలో వాళ్లే పెళ్లాడటం మొదలైంది. మనుధర్మశాస్త్రం పుట్టిందని చరిత్రకారులు చెప్పే కాలం కూడా ఇంచుమించు అదే.

మరి ఇది కొత్త మాటా? 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో పాతికేళ్ల భీమ్‌రావ్ అంబేద్కర్ చదివిన వ్యాసం చెప్పింది ఇదే గదా! కులానికి ప్రాణం జాతిలో లేదు, వృత్తిలో లేదు, పెళ్లికి గీసిన గిరిలో ఉందన్నాడాయన. కలిసిపోయిన జనాన్ని ఆ గిరే ముక్కలు చేసిందన్నాడు. ఆయన దగ్గర సూది లేదు, కంప్యూటర్ లేదు. అనుభవించిన బతుకుంది, దాన్ని చదివిన బుద్ధుంది. బాబాసాహెబ్ చెప్పిన 93 ఏళ్లకు కోట్ల డాలర్ల యంత్రాలు ఆ మాట దగ్గరికే వచ్చి నిలబడ్డాయి. అయినా మన విశ్వవిద్యాలయాల పండితులకు అది అమెరికా కనిపెట్టిన వింత!

ఈ పరిశోధనను ఇద్దరు రెండు చేతులా వాడుకుంటున్నారు. ఇద్దరికీ జవాబు చెప్పాలి.

మొదటివాడు అంటాడు: ‘అందరం కలగలుపే గదా, ఇంకా కులమేంటి, రిజర్వేషనేంటి?’ వాడు మొదటి పేజీ చదివి పుస్తకం మూసేశాడు. రెండో పేజీలో గోడ ఉంది. ఆంధ్ర వైశ్యుల్లో ఆ గోడ నూరు తరాలకు పైబడి నిలిచి ఉందని ఆ పరిశోధనే చెబుతోంది. నూరు తరాలంటే రెండు వేల ఏళ్ల పైమాట. కులాన్ని తెల్లదొరలే తయారుచేశారని పుస్తకాలు రాసిన మేధావులు ఈ లెక్కకేమంటారు? దొర వచ్చి ఎన్నేళ్లయింది? ఆ గోడ ఇప్పుడు లేదంటారా? 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్య పక్కన ఉండగానే, ఆసుపత్రి ముందు ప్రణయ్‌ని నరికి చంపారు. దళిత క్రైస్తవ కుర్రాడు వైశ్యుల పిల్లను పెళ్లాడాడు. అదే నేరం. ప్రయోగశాల రక్తంలో చూసిన గోడకు ఊళ్లో కత్తులు కాపలా కాస్తున్నాయి. కలిసిన రక్తం మాకు భూమివ్వలేదు, బడివ్వలేదు, గుడిసె దాటనివ్వలేదు. రిజర్వేషన్ రక్తానికి కాదు, గోడకు జవాబు.

రెండోవాడు ఆ శాతాలు చూసి మీసం మెలేస్తాడు. తన పాలు ఎక్కువట! అది వలస లెక్కేగాని తెలివి లెక్క కాదు. పైగా గోడ లోపలున్నవాడికీ అది మేలు చేయలేదు. వైశ్యుల్లో ఒక ఎంజైము లోపం ఎక్కువ. ఆపరేషనప్పుడు కండరాలు సడలడానికిచ్చే ఒక మందు వాళ్లలో కొందరికి త్వరగా విరగదు, ఊపిరి తిరిగి అందడం కష్టమవుతుంది. ఇది తరతరాలుగా లోలోపలే పెళ్లాడిన ఫలితం. 2017లో ఇదే బృందం 260కి పైగా జనసమూహాలను చూస్తే, 81 సమూహాల్లో ఇలాంటి జబ్బులు దాగి ఉండే వీలు ఎక్కువని తేలింది. మనువు గీసిన గీత మనువు మనుమలనూ వదల్లేదు.

ఇక అసలు పేచీ. శాస్త్రానికి మేం శత్రువులం కాము. మాకు మంత్రగాడు వద్దు, డాక్టరే కావాలి. కానీ మా రక్తం గురించి మాట్లాడే బల్ల దగ్గర మా కుర్చీ ఏది? ఆ బృందం పెద్ద డేవిడ్ రైక్ 2018లో రాసిన పుస్తకంలో ఒక సంగతి చెప్పాడు. 2008 అక్టోబరులో హైదరాబాదులో వాళ్లంతా కూర్చుని గట్టిగా వాదించుకున్నారట. బయటినుంచి వచ్చిన పాలుకు ‘పశ్చిమ యూరేషియా’ అన్న పేరు ఇక్కడివాళ్లు ఒప్పుకోలేదట. చివరికి ‘పూర్వ ఉత్తర భారతీయులు’, ‘పూర్వ దక్షిణ భారతీయులు’ అని రాజీపడ్డారు. చూశారా! బయటినుంచి వచ్చిన మాట పేరులోంచి మాయమైంది. రక్తమిచ్చిన మాలను, మాదిగను, చెంచును ఏ పేరు పెడదామని అడగాలన్న ఆలోచన ఎవరికైనా వచ్చిందా?

లాభం సంగతి చూడండి. సికిల్‌సెల్ జబ్బు ఏజెన్సీ ఆదివాసులను, విదర్భ మహర్లను తరాలుగా తింటోంది. దానికి 2023లో జన్యువును కత్తిరించి బాగుచేసే చికిత్స వచ్చింది. ఆ జన్యుకత్తెర మీద అమెరికాలో బ్రాడ్‌కు పేటెంట్లున్నాయి. అక్కడ చికిత్స వెల 22 లక్షల డాలర్లు! మా ఊరు మొత్తం అమ్మినా రాదు. రక్తం నమూనా ఉచితం, మందు మాత్రం కోట్లు.

అడిగితే రాదని ఎవరూ అనుకోవద్దు. అమెరికాలో హవసుపాయ్ అనే ఆదివాసులున్నారు. చక్కెర జబ్బు కోసమని 1990 నుంచి వాళ్ల రక్తం తీసుకున్నారు. తర్వాత దాన్ని పిచ్చి, వలసల పరిశోధనకు వాడేశారు. వాళ్లు కోర్టుకెక్కారు. 2010లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం పెద్దలు 7 లక్షల డాలర్లిచ్చి, మిగిలిన రక్తం తిరిగి అప్పజెప్పారు. దక్షిణాఫ్రికాలో సాన్ జనం 2017లో తమ దగ్గరికొచ్చే పరిశోధకులకు తామే నియమాలు రాసిచ్చారు. వాళ్లు చేసింది మనం చేయలేమా?

అందుకే మేం అడుగుతున్నాం. మా పేరుతో అచ్చయిన ప్రతి ఫలితాన్నీ తెలుగులో మా వాడలకు తెచ్చి చదివి వినిపించాలి. నమూనా తీసేముందు మా సంఘాలతో కూర్చోవాలి. సికిల్‌సెల్ పరీక్ష, మాత్రలు ప్రతి ఏజెన్సీ ఆసుపత్రిలో ఉచితంగా, ఆగకుండా దొరకాలి. ప్రయోగశాలల్లో సైంటిస్టు కుర్చీల్లో ఎస్సీ, ఎస్టీలు ఎంతమందో లెక్క బయటపెట్టాలి.

టీచరు అన్నలారా, అక్కలారా! తరగతిలో పిల్లలకు ఇది చెప్పండి. రక్తం కలిసిందని చెప్పండి, గోడ కట్టారని చెప్పండి, కట్టినవాడి పేరు కూడా చెప్పండి. సూది గుచ్చించుకున్న గూడెం పిల్లలే రేపు సూక్ష్మదర్శిని పట్టాలి. మా రాత మేమే రాసుకుంటాం.

జై భీమ్!