రెండో బండి చవకే... సి బుక్కులో పేరెవరిది?

తెనాలి: ఇల్లు పల్లెలో, ఉద్యోగం గుంటూరులోనో, విజయవాడలోనో, వెలగపూడి సచివాలయంలోనో. దుగ్గిరాల, కొల్లిపర, తెనాలి మండలాల్లో పొద్దున్నే బయలుదేరి దీపాలు పెట్టే వేళకు గాని ఇల్లు చేరని ఉద్యోగులు తక్కువేమీ కాదు. భార్యాభర్తలిద్దరూ చెరో దిక్కుకు పోయే ఇళ్ళలో ఒక్క బండి చాలదు. ఆయన మోటారు సైకిలు తీసుకుపోతే ఆమెకు ఆటోయే గతి. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు, ఇంట్లో మాట వస్తుంది: ‘‘లక్షో లక్షన్నరో పెడితే పాత కారొకటి వస్తుందట గదా!’’

రావటం వస్తుంది. దాన్ని రోజూ తిప్పటమే అసలు లెక్క. ఊరి నుంచి ఆఫీసుకు ముప్ఫై కిలోమీటర్లనుకుంటే రానూ పోనూ అరవై. నెలకు పాతిక రోజులకు 1,500 కిలోమీటర్లు. లీటరుకు పదిహేను కిలోమీటర్లిచ్చే పాత కారు నూరు లీటర్లు తాగుతుంది. లీటరు నూటపది చొప్పున చూసినా నెలకు పదకొండు వేలు. అదే దూరం యాభై ఇచ్చే మోటారు సైకిలు మీద పోతే మూడు వేల మూడు వందలతో సరి. ఏడాది తిరిగేసరికి తేడా తొంభై వేలు దాటుతుంది. అంటే కారు కొన్న ధరకు దాదాపు సమానం. టైర్లు, బ్యాటరీ, మెకానిక్కు ఖర్చు ఇందులో కలపలేదు.

నలుగురిని ఎక్కించుకుని మనిషికింత వసూలు చేస్తే గిట్టుబాటవుతుందని కొందరి ఆలోచన. తెల్ల నెంబరు ప్లేటు బండిని కిరాయికి తిప్పరాదు. తిప్పుతుండగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ ముందు పట్టుకునేది ఆ మాటనే.

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. బస్సు వేళకు వచ్చే ఊళ్ళలో ఆ రెండో బండి అవసరమా కాదా అని ఇంటిల్లిపాదీ మరొకసారి కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఆఖరి బస్సు ఏడింటికే వెళ్ళిపోయే ఊళ్ళ సంగతి వేరు. అక్కడ బండి తప్పదు.

తప్పనప్పుడు చూసి కొనాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో వేలాది వాహనాలు నీట మునిగాయి. మునిగిన కారును కడిగి, తుడిచి, రంగు వేసి నిలబెడితే చూపుకు కొత్త పెళ్ళికొడుకే! సీటు బెల్టును చివరి దాకా లాగి చూస్తే బురద చార బయటపడుతుంది. కాళ్ళ కింది పట్టా ఎత్తి వాసన చూడాలి. సీటు బోల్టులు తుప్పు పట్టాయేమో చూడాలి. బేరగాడు తొందరపెడితే అసలే కదలరాదు. నమ్మకమైన మెకానిక్కుకు ఐదు వందలిచ్చి వెంట తీసుకుపోవటం తర్వాత యాభై వేలు పోసుకోవటం కంటే మేలు.

బండి వయసు కూడా ముఖ్యమే. కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళకు ముగుస్తుంది. ఆ పైన అయిదేళ్ళకొకసారి తిరిగి చేయించాలి. ఆ ఫీజును 2022లో అయిదు వేలు చేశారు. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025లో పది వేలకు పెంచారు. పధ్నాలుగేళ్ళ కారు చవకగా వచ్చిందని సంబరపడేవారు మరుసటి ఏడు ఆ ఖర్చు నెత్తిన పడుతుందని గుర్తుంచుకోరు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత బండ్లలో రబ్బరు గొట్టాలు, గాస్కెట్లు ముందుగా మార్చవలసి రావచ్చునని, మైలేజీ కొద్దిగా తగ్గుతుందని కేంద్ర ప్రభుత్వమే ఒప్పుకుంది.

ఇవన్నీ చూసుకున్నవారు సైతం బోల్తా పడేది కాగితాల దగ్గర. డబ్బు చేతులు మారుతుంది, తాళం చేతులు మారుతుంది, సి బుక్కులో పేరు మాత్రం మారదు. ఖాళీ ఫారాల మీద అమ్మినవాని సంతకం తీసుకుని, ‘‘తర్వాత చూసుకుందాంలే, తెలిసినవాళ్ళమే గదా’’ అంటారు. అదే కారు ఏడాదికి ఇంకొకరికి, ఆపైన మరొకరికి పోతుంది.

ఇలాంటి కేసే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2007లో అమ్మిన కారు ఒకరి నుంచి ఒకరికి మారుతూ పోగా, 2009లో దాని కింద పడి ఒక పసివాడు చనిపోయాడు. పరిహారం ఎవరివ్వాలి? నేను ఎప్పుడో అమ్మేశానన్నాడు మొదటి యజమాని. రిజిస్ట్రేషను ఎవరి పేర వుంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని 2018 ఫిబ్రవరిలో కోర్టు తేల్చింది. రెండేళ్ళ కిందట వదిలించుకున్న బండికి అతడే బాధ్యుడయ్యాడు.

చట్టం కోరేది పెద్ద పనేమీ కాదు. ఒకే రాష్ట్రంలో అమ్మితే, అమ్మినవారు పధ్నాలుగు రోజుల్లోగా 29వ నెంబరు ఫారంతో ఆర్.టి.ఓ. ఆఫీసుకు తెలియజేయాలి. కొన్నవారు ముప్ఫై రోజుల్లోగా 30వ నెంబరు ఫారం పెట్టాలి. బ్యాంకు అప్పు వున్న బండి అయితే అప్పు తీరినట్లు బ్యాంకు కాగితం, 35వ నెంబరు ఫారం కూడా కావాలి. పొరుగు రాష్ట్రం బండికి అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడ జీవిత పన్ను కట్టాలి. చెన్నై కారు చవక అనేవారు ఈ పన్ను కలుపుకుని చెప్పరు.

ఇన్సూరెన్సు కూడా పధ్నాలుగు రోజుల్లో పేరు మార్పించుకోవలసిందే. ఎదుటివారికి జరిగిన నష్టం వరకు పాత పాలసీయే కొత్త యజమానికి వర్తిస్తుంది. సొంత కారుకు దెబ్బ తగిలితే మాత్రం, పేరు మారని పాలసీ మీద పైసా రాదు.

కొనేవారికి ఎంత జాగ్రత్త కావాలో ఎప్పుడో అమ్మి మరచిపోయిన రైతులకూ అంతే కావాలి. పాత నెంబరు గుర్తుంటే రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైట్‌లో గాని, ఆర్.టి.ఓ. ఆఫీసులో గాని కనుక్కోవచ్చు. ఇంట్లో కాలేజీ చదివే పిల్లలుంటే సెల్‌ఫోన్‌లో చూసిపెట్టటం అయిదు నిమిషాల పని. పేరు ఇంకా తమదే వుంటే, కొన్నవారిని వెతికి పట్టుకుని ఆర్.టి.ఓ. ఆఫీసుకు తీసుకుపోవలసింది ఇప్పుడే.