నాలుగో తరం పేరు

పాశ్చాత్యులు వంశచరిత్ర వెదకదలిస్తే పాత శ్మశానాలకు వెళతారు. పేరు, తేదీలు, ఎవరి భార్యో, ఎవరి కుమారుడో రాతిమీద ఉంటుంది. దహనసంస్కారం పాటించే మన ఇళ్ళకు ఆ సౌకర్యం లేదు. అస్థికలు కృష్ణలోనో గోదావరిలోనో కలిపాక మిగిలేది పేరొక్కటే.

ఆ పేరైనా ఎంతకాలం? తర్పణంలో తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు. తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు, వీరికీ అంతే. ఆపై తరం పేరు మంత్రంలోనుంచి జారిపోతుంది. ఆ విధిని నేను తప్పు పట్టను. శ్రాద్ధం వేరు, చరిత్ర వేరు. మంత్రం విడిచిన పేరు కాగితంమీదికైనా ఎక్కకపోవడమే నాకు సమ్మతం కాదు.

బందరు సంగతే చూడండి. డచ్చివారిని మనవారు వలందులన్నారు. అక్కడి వలందపాలెం పేరు అలా వచ్చినదే. 17వ శతాబ్దిలో వర్తకానికి వచ్చి అక్కడే కన్నుమూసిన వారి సమాధులు నేటికీ ఉన్నాయి, చెక్కిన పేర్లతో సహా. అదే ఊరిని 1864 నవంబరు 1న ఉప్పెన ముంచెత్తింది. సుమారు 30,000 మంది పోయారని లెక్క. సంఖ్య మిగిలింది. పరదేశి వర్తకుడి పేరు చదవగలుగుతున్నాం. ఆ ముప్పై వేలలో మనం పేరుపెట్టి చెప్పగలిగేది ఎందరిని?

ఖననం చేసే కుటుంబాల స్థితి ఇంతకన్న మెరుగేమీ కాదు. జంగములు, దళితులు, ముస్లిములు, క్రైస్తవులు, ఎవరిలోనైనా రాయి నిలపగలిగిన వారు కొందరే. తక్కినవారిది మట్టిదిబ్బ, గురుతుకొక చెట్టు. ఆ చెట్టు కొట్టేస్తే ఆనవాలు పోయినట్టే. ఊరి శ్మశానం ఆక్రమణ పాలైతే దానిని భూమి తగాదాగానే చూస్తారు. ఎందరి పేర్లు చదునైపోయాయో ఎవరూ లెక్కించరు.

1864 చేజారిపోయింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన ఇంకా పోలేదు. ఆనాటి పదిహేనేళ్ళవారు నేడు అరవై దాటి మన మధ్యనే ఉన్నారు. ఏ ఇంట ఎవరు పోయారో వారు చెప్పగలరు. సామూహికంగా దహనం చేసిన శవాలకు వేరే సమాధులెక్కడివి? వారి మాటే సమాధిరాయి. దానిని వెంటనే వ్రాసిపెట్టాలి.

అడిగేటప్పుడు ముందుగా ఆడవారిని అడగండి. కోడళ్ళ పుట్టింటి పేర్లు మగవారు మరచిపోతారు. ఇంకొక చిక్కు: తద్దినం పెట్టే ఇంట్లో తిథి అందరికీ కంఠస్థం, సంవత్సరం మాత్రం ఎవరికీ తెలియదు. అప్పుడు “ఉప్పెనకు ముందా, తరువాతా?” అని అడిగి చూడండి. జవాబు తడుముకోకుండా వస్తుంది.