యాక్సిల్ మార్చినా... అదే టకటక!

కర్నూలులో ఒక ఇల్లు ఊహించుకోండి. వాకిట్లో వేపచెట్టు, దాని కింద ఎనిమిదేళ్ల పాత చిన్నకారు. కొన్నది తండ్రి, నడిపేది కొడుకు. స్నేహితుల కార్లు చూసి ముచ్చటపడి ఆ అబ్బాయి ఓ రోజు స్ప్రింగులు కోయించాడు. కారు నేలకు రెండంగుళాలు దగ్గరైంది. పొంచి కూర్చున్న చిరుతపులిలా ఉందని వీధిలో కుర్రాళ్లంతా మెచ్చుకున్నారు.

ఆ ముచ్చట నాలుగు నెలలే! స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడల్లా ఎడమవైపు ముందు చక్రం దగ్గర 'టక్... టక్... టక్' మొదలైంది. షెడ్డుకు తీసుకెళ్తే యాక్సిల్ పోయిందన్నారు. మార్చారు. ఐదు నెలలకు మళ్లీ అదే చప్పుడు. మళ్లీ మార్చారు. ఆర్నెల్లు తిరక్కముందే మూడోసారి! అదీ కడపలో దగ్గరి చుట్టాల పెళ్లికి నాలుగు రోజులు ఉందనగా.

ఇంట్లో పంచాయితీ మొదలైంది. 'నువ్వు తోలే తీరే అట్లుంది' అంటాడు తండ్రి. 'వాళ్లు డూప్లికేట్ సామాన్లు ఏస్తాండారు నాయనా' అంటాడు కొడుకు. 'ఈ గుంతల రోడ్లకు ఎన్ని యాక్సిళ్లయినా చాలవు' అంటారు షెడ్డులో. ముగ్గురి మాటల్లోనూ అంతో ఇంతో నిజం ఉంది. కానీ ఒక్క ప్రశ్నకు ముగ్గురి దగ్గరా జవాబు లేదు. గుంతలు రెండు చక్రాలకూ ఉన్నాయి, తోలేది ఒక్కడే. మరి ప్రతిసారీ ఎడమ యాక్సిలే ఎందుకు పోతోంది?

ఒకసారి పోతే సామాను నాసిరకం అనుకోవచ్చు. రెండోసారి ఖర్మ అనుకోవచ్చు. అదే వైపు మూడోసారీ పోయిందంటే, దాన్ని పాడుచేస్తున్న కారణం కారులోనే ఎక్కడో కూర్చుందన్నమాట. అది దొరకనంత కాలం ఎన్ని కొత్త యాక్సిళ్లు వేసినా చిల్లుకుండలో నీళ్లే.

ఒక చక్రం... మూడు పనులు

ఎద్దులబండికి ఇరుసు అంటే రెండు చక్రాలనూ మోసే ఒకే కడ్డీ. కందెన వేస్తే చాలు, ఏళ్ల తరబడి నడిచేది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లకు ఇంజిన్ ముందున్నా కారును నెట్టేవి వెనక చక్రాలే. ముందు చక్రాల పని మలుపు తిరగడం వరకే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక లెక్క మారింది. ఇంజిన్ బలం నేరుగా ముందు చక్రాలకే అందే పద్ధతి మన ఇళ్లముందుకు వచ్చింది. ఇవాళ్టి చిన్నకార్లలో దాదాపు అన్నిటిదీ అదే దారి.

ఈ పద్ధతిలో ముందు చక్రానికి మూడు పనులు. బండిని లాగాలి, కుడి ఎడమలకు తిరగాలి, గుంతల్లో పైకీ కిందికీ ఆడాలి. ఇవన్నీ ఒకేసారి జరుగుతుంటే మధ్యలో ఉన్న కడ్డీ విరగకుండా ఎలా తిరుగుతుంది? అందుకే దానికి రెండు చివర్లా కీళ్లు పెట్టారు. చక్రం వైపు కీలులో మామూలుగా ఆరు ఉక్కు గుండ్లు ఉంటాయి. ఎటు వంచినా చక్రం ఒకే వేగంతో తిరిగేలా చూస్తాయి. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ ఇంజినీరు అల్ఫ్రెడ్ జెప్పా 1920ల్లో కనిపెట్టిన తరహా ఇది. 1959లో బ్రిటన్‌లో వచ్చిన మినీ కారుతో దీనికి బాగా పేరొచ్చింది.

గేర్‌బాక్సు వైపు కీలు తీరు వేరు. చాలా కార్లలో మూడు రోలర్లతో ఉండే ఈ కీలు రోట్లో రోకలిలా లోపలికీ బయటికీ జరుగుతుంది. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు కడ్డీకి కావలసిన పొడవు కాస్త పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ తేడాను సర్దేది ఇదే. రెండు కీళ్లలోనూ గ్రీజు కూరి, పైన రబ్బరు బూట్ తొడుగుతారు. హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా ఉంటుందే, అది. లోపలి గ్రీజు బయటికి పోకుండా, బయటి దుమ్ము లోపలికి రాకుండా కాపలా కాసేది ఆ బూటే.

ఎత్తు తగ్గితే ఏమవుతుంది?

కారు తయారుచేసేటప్పుడే ఒక ఎత్తు అనుకుంటారు. ఆ ఎత్తులో నిలబడినప్పుడు కడ్డీ ఏ వాలులో ఉండాలి, లోపలి కీలుకు ఎంత ఖాళీ మిగలాలి, షాక్ అబ్జార్బర్ ఎంత దూరం కుంగవచ్చు... అన్నీ దాన్నిబట్టే లెక్కగడతారు. స్ప్రింగు కోస్తే చక్రం ఉన్నచోటే ఉంటుంది, ఇంజిన్, గేర్‌బాక్సు మాత్రం కిందికి దిగుతాయి. కడ్డీ వాలు మారిపోతుంది. లోపలి కీలులో కడ్డీ చివర తన మామూలు చోటు వదిలి మరోచోట ఆడటం మొదలెడుతుంది. కొన్ని కార్లలో లోపలి అంచుకు కొట్టుకునేదాకా వెళ్తుంది.

ఒక అంగుళం తగ్గినంత మాత్రాన ప్రతి కారూ పాడవుతుందని కాదు. కొన్ని కార్లు తట్టుకుంటాయి. కోసిన స్ప్రింగుతో వచ్చే చిక్కు ఇంకోటుంది. చుట్లు తగ్గేకొద్దీ స్ప్రింగు బిరుసెక్కుతుంది, కుంగడానికి చోటు తగ్గుతుంది. చిన్న గుంతకే షాక్ అబ్జార్బర్ అడుక్కంటా దిగి 'ధన్' మని తగులుతుంది. ఆ దెబ్బ యాక్సిల్ కీళ్ల మీద, చక్రం బేరింగు మీద, లోయర్ ఆర్మ్ బుష్‌ల మీద పడుతుంది.

దీనికి మన సీమ వాతావరణం తోడు. ఎండాకాలం కర్నూలులోనైనా కడపలోనైనా 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడికి రబ్బరు బూట్ త్వరగా బీటలు వారుతుంది. బండల పరిశ్రమ ఉన్నచోట రోడ్డు పక్కనంతా రాతి దుమ్మే. చీలిన బూట్‌లోంచి అది గ్రీజులో కలిసిందంటే ఉక్కు గుండ్లను ఇసుకతో తోమినట్టే!

ఇక స్పీడ్‌బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన సూచనల ప్రకారం గుండ్రటి స్పీడ్‌బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. ఊరివాళ్లు సొంతంగా పోసుకునే సిమెంటు దిబ్బలకు ఈ లెక్కలేమీ ఉండవు. చిన్నకారు అడుగుకూ నేలకూ మధ్య ఖాళీ సుమారు 165 మిల్లీమీటర్లు అనుకుందాం. రెండంగుళాలు తగ్గిస్తే మిగిలేది 115. పద్ధతి ప్రకారం కట్టిన స్పీడ్‌బ్రేకరే 100 మిల్లీమీటర్లు. మిగిలింది వేలెడు సందు కూడా కాదు. ఐదుగురు ఎక్కి, డిక్కీలో పెళ్లి సామాను పెడితే అదీ ఉండదు!

చప్పుడే చెబుతుంది

షెడ్డుకు వెళ్లే ముందు ఇంట్లోవాళ్లే కాస్త చెవి పెడితే సగం రోగం బయటపడుతుంది. ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా తిరిగినప్పుడు 'టక్ టక్' మంటే చక్రం వైపు కీలును అనుమానించాలి. నేరుగా వెళ్తూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కారు వణికి, వదలగానే వణుకు తగ్గితే గేర్‌బాక్సు వైపు కీలును చూడాలి. వేగం పెరిగేకొద్దీ 'గూం' మని ఒకే శ్రుతిలో హోరు పెరిగితే చక్రం బేరింగో, అరిగిన టైరో కావచ్చు. స్పీడ్‌బ్రేకర్ దిగగానే 'ధడ్' మంటే బాల్‌జాయింట్, లోయర్ ఆర్మ్ బుష్. క్లచ్ వదలగానే ఇంజిన్ 'టంగ్' మని ఊగితే ఇంజిన్ మౌంటింగ్.

ఇందులో బాల్‌జాయింట్‌ను మాత్రం అసలు అశ్రద్ధ చేయకూడదు. యాక్సిల్ కడ్డీ తెగితే ఇంజిన్ అరుస్తుంది గానీ బండి కదలదు, దారిలో నిలిచిపోతుంది. బాల్‌జాయింట్ ఊడితే చక్రమే మడత పడుతుంది. వేగంలో అలా జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది.

చక్రం లోపలి వైపు రిమ్ మీద నల్లటి గ్రీజు చిమ్మినట్టు కనిపిస్తే బూట్ చిరిగిందని గుర్తు. చప్పుడు రాకముందే పట్టుకుంటే చాలాసార్లు బూట్, గ్రీజు మారిస్తే సరిపోతుంది. చప్పుడు మొదలయ్యాక కొత్త బూట్ తొడిగినా అరిగిన కీలు బాగుపడదు.

లేపితే దొరకదు... దించితే దొరుకుతుంది

మళ్లీ మన కర్నూలు ఇంటికి వద్దాం. పెళ్లి ముంచుకొస్తోందని తండ్రీకొడుకులు కారును ఓ పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లారనుకుందాం. ఆయన రెంచి పట్టకముందే ఒక మాట అడిగాడు.

"పోయిన రెండు యాక్సిళ్లు యాడ పెట్టినావు అబ్బీ?"

"పాత సామాన్లోనికి ఏసేసినాం మేస్త్రీ."

"అట్ల చేస్తిరే! రోగం చెప్పేవి అవే కదప్పా."

మూడోదాన్ని విప్పి కీళ్లు తుడిచి చూపించాడు. లోపలి కీలులో రోలర్లు ఆడిన గుర్తులు గాడి మధ్యలో ఉండాల్సింది, లోపలి అంచుకు చేరి ఉన్నాయి. బూట్ మడతలు ఒకదానికొకటి ఒరుసుకుని ఒకచోటే చీలింది. సామాను నాసిరకమైతే అరుగుదల ఇలా ఒక అంచునే పట్టుకుని ఉండదు. కడ్డీ ఉండకూడని చోట ఆడుతోంది.

తర్వాత కారును సమంగా ఉన్న గచ్చు మీద నిలబెట్టి టేపు పట్టాడు. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కుడివైపు ఒక లెక్క, ఎడమవైపు అంతకన్నా వేలెడు తక్కువ! స్ప్రింగులు కోసినప్పుడు ఎడమది కాస్త ఎక్కువ తెగింది. పైగా అదేవైపు ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు చిరిగి ఇంజిన్ పక్కకు వాలింది. ఎడమ యాక్సిలే మూడుసార్లు ఎందుకు పోయిందో తేలిపోయింది.

మరి ముందు చూసినవాళ్లకు ఎందుకు దొరకలేదు? ప్రతిసారీ కారును జాకీ మీద లేపి చూశారు. లేపగానే చక్రం కిందికి వేలాడుతుంది, కడ్డీ వాలు మారిపోతుంది, లోపలి కీలుకు కావలసినంత ఖాళీ వచ్చేస్తుంది. చేత్తో తిప్పితే సాఫీగా తిరుగుతుంది. బరువంతా చక్రాల మీద మోస్తూ నిలబడినప్పుడే ఆ తప్పు ఉంటుంది. మోకాళ్ల నొప్పి మనిషిని మంచం మీద పడుకోబెట్టి 'ఏదీ, నొప్పి లేదే' అన్నట్టయింది!

అందుకే ఎత్తు మార్చిన కారు అయితే ముందుగా నేలమీద నిలబెట్టి నాలుగు చక్రాల దగ్గరా ఎత్తు కొలిపించాలి. మౌంటింగులు చూడాలి. ఆ తర్వాతే జాకీ ఎక్కించాలి. బిగించేటప్పుడూ రెండు జాగ్రత్తలున్నాయి. యాక్సిల్ నట్టును అందాజుగా బిగిస్తే బేరింగు పోతుంది, కంపెనీ చెప్పిన లెక్కకు టార్క్ రెంచితో బిగించాలి. చాలా కార్లలో లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులను కారు బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగువు బిగించాలి. వేలాడుతుండగా బిగిస్తే దించగానే బుష్ రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. అన్నీ అయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. లేదంటే టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి.

ముచ్చట మంచిదే... కానీ

కారు అందంగా ఉండాలనుకోవడం తప్పేమీ కాదు. అయితే రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అనుమతించదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. బీమా సొమ్ము అడిగే రోజు వస్తే ఇలాంటి మార్పులే అడ్డుపడవచ్చు. పిల్లలు బండి మీద చేయించే పనేమిటో ఇంట్లో పెద్దలు ముందే అడిగి తెలుసుకుంటే మంచిది. చేయించాక తిట్టేకన్నా అది చాలా చవక.

మన కథలో మేస్త్రి కంపెనీ కొలత స్ప్రింగులు రెండువైపులా జతగా వేశాడు. మౌంటింగ్ మార్చాడు. ఆ తర్వాతే కొత్త యాక్సిల్ బిగించాడు. ఈసారి పాత యాక్సిల్ డిక్కీలోనే ఉంచుకున్నారు.

పెళ్లికి ముందురోజు సాయంత్రం ఇంటిల్లిపాదీ బయలుదేరారు. ఓర్వకల్లు, పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు... కడప దాకా సుమారు 200 కిలోమీటర్లు. ఎక్కడా టకటక లేదు. నంద్యాలలో టీ తాగడానికి ఆగినప్పుడు కొడుకు కారును ఎగాదిగా చూసి నిట్టూర్చాడు.

"ఎత్తయిపోయింది నాయనా. చూసేకి బాగలేదు."

"పోయేకి బాగుంది కదరా" అన్నాడు తండ్రి, గ్లాసు కింద పెట్టి తాళాలు చేతికిస్తూ. "ఎక్కు. పెండ్లికూతుర్ని చేసే పొద్దుకన్నా అందుకోవాల."