మూడు కాలాలకు మూడు వెలుగులు

‘ఆదిత్య 369’ గురించి ఎవరు మాట్లాడినా మాట టైమ్ మెషీన్ దగ్గర మొదలై, కృష్ణదేవరాయల వేషంలో బాలకృష్ణ దగ్గర ఆగుతుంది. సింగీతం శ్రీనివాసరావు ఊహకు, ఇళయరాజా బాణీలకు దండలు వేస్తాం, వేయాల్సిందే. 1991 జులైలో విడుదలైన ఆ సినిమాకు ఛాయాగ్రాహకులు ముగ్గురన్న సంగతి మాత్రం పెద్దగా ఎవరికీ పట్టదు. వర్తమానాన్ని పి.సి.శ్రీరామ్ తీశారు. అనారోగ్యంతో ఆయన తప్పుకోవడంతో రాయల కాలం వి.ఎస్.ఆర్.స్వామి చేతికొచ్చింది. 2504వ సంవత్సరం కబీర్‌లాల్ వంతైంది. అనుకోకుండా జరిగిన ఈ పంపకం ఆ సినిమాకు కలిసొచ్చిందని నా వాదన. సైన్స్ ఫిక్షన్‌లో ప్రేక్షకుడు ముందుగా నమ్మేది వెలుగును. యంత్రాన్ని, సెట్టును, సంభాషణను ఆ తర్వాతే నమ్ముతాడు. కాలం మారిందని పాత్ర చేత చెప్పించడం తేలిక. గోడ మీద పడే కాంతి మారితే చెప్పించాల్సిన పనే ఉండదు. ‘గీతాంజలి’లో మంచును, మసక వెలుతురును పట్టి చూపిన శ్రీరామ్ చూపు వేరు. ‘అల్లూరి సీతారామరాజు’ను సినిమాస్కోప్‌లో నింపిన స్వామి చేయి వేరు. కథలో యంత్రం ఒక కాలం నుంచి మరో కాలానికి దూకినప్పుడు తెర మీద కెమెరా వెనక మనిషే మారిపోయాడు. ఎందుకో తెలియకపోయినా కంటికి తేడా తెలుస్తుంది.

ఇదంతా కాకతాళీయమే కదా, దానికి కళ అని పేరు పెట్టడమేమిటని అడగవచ్చు. ముగ్గురిని పెట్టుకోవాలని ఎవరూ అనుకోలేదు, నిజమే. కానీ తేడాలను చెరిపి అంతటినీ ఒకే తీరుకు తేవాలని దర్శకుడు పట్టుబట్టకపోవడం మాత్రం కాకతాళీయం కాదు. వెలుగు కాలాన్ని ఎలా మారుస్తుందో చూడటానికి సినిమా దాకా వెళ్లక్కర్లేదు. గోరంట్ల మాధవరాయస్వామి గుడి మండపం విజయనగర కాలపు కట్టడం, స్తంభాల నిండా చెక్కడాలు. మిట్టమధ్యాహ్నం మన కరువు సీమ ఎండ నడినెత్తిన పడుతుంటే బయటి రాయంతా ఒకే తెల్లటి పలకలా కనిపిస్తుంది, గుర్రం కాలేదో సింహం జూలేదో పోల్చుకోలేం. పొద్దు వాలి ఎండ పక్కనుంచి ఏటవాలుగా తగిలితే అదే రాతిలో గీత గీతకూ నీడ పుట్టి బొమ్మ ముందుకొస్తుంది. రాయల యుగాన్ని తెరకెక్కించే ఏ ఛాయాగ్రాహకుడికైనా మొదటి పాఠం ఇదే. ఎదురుగా లైటు కొడితే అట్ట సెట్టు అట్టలాగే కనిపిస్తుంది. పక్కనుంచి కొడితే రాయవుతుంది.

డబ్బు తక్కువైన చోట ఈ పాఠం మరీ పనికొస్తుంది. దానికి పాత టెలివిజన్‌ను మించిన సాక్ష్యం లేదు. 1966లో అమెరికాలో మొదలైన ‘స్టార్ ట్రెక్’ వారం వారం కొత్త గ్రహం చూపాలి, కొత్త గ్రహం కట్టడానికి మాత్రం డబ్బుల్లేవు. జెర్రీ ఫిన్నర్‌మన్ అనే ఛాయాగ్రాహకుడు దాదాపు 60 ఎపిసోడ్లకు అక్కడ కెమెరా బాధ్యత మోశాడు. అంతరిక్ష నౌక లోపలి గోడలు బూడిద రంగువి. వాటి మీదికి ఈ వారం ఊదా, వచ్చే వారం ఆకుపచ్చ జెలటిన్ కాగితాలు కట్టిన లైట్లు వేశాడు. స్టూడియో వెనక తెర మీద ఎర్రకాంతి పడితే ఒక గ్రహపు ఆకాశం, నారింజ పడితే ఇంకో గ్రహం. ఆ ధారావాహికను ప్రసారం చేసిన ఎన్‌బీసీ, కలర్ టీవీలు అమ్ముకునే ఆర్‌సీఏ కంపెనీది. రంగులు ఎంత గాఢంగా ఉంటే వాళ్లకు అంత లాభం. వ్యాపారం కోసం వచ్చిన రంగులేనని తేలిగ్గా తీసిపారేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు మన దగ్గరే జవాబుంది. 1980ల్లో దూరదర్శన్ ‘స్టార్ ట్రెక్’ వేసినప్పుడు మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నవి బ్లాక్ అండ్ వైట్ సెట్లే. ఊదా లేదు, ఆకుపచ్చ లేదు. అయినా ఆ లోకం చెదరలేదు. కారణం, ఫిన్నర్‌మన్ పని నేర్చింది నలుపు తెలుపులో ఆరితేరిన హ్యారీ స్ట్రాడ్లింగ్ దగ్గర. ముఖం మీద ఒక పట్టీలా వెలుగు నిలిపి మిగతాది నీడకు వదిలేసే పద్ధతి ఆయనకు ఒంటబట్టింది. రంగు తీసేసినా కింద నీడల కట్టడం నిలిచి ఉంటుంది.

అసలు అభ్యంతరం వేరే ఉంది. సైన్స్ ఫిక్షన్‌కు ప్రాణం ఆలోచన, రచయిత బాగా రాస్తే కెమెరా ఎలా ఉన్నా నడుస్తుందని చాలామంది నమ్మకం. దీన్ని ‘ట్విలైట్ జోన్’ తెలియకుండానే పరీక్షకు పెట్టింది. రాడ్ సెర్లింగ్ సృష్టించిన ఆ ధారావాహికకు ప్రధాన ఛాయాగ్రాహకుడు జార్జ్ క్లెమెన్స్. 1960-61లో ఖర్చు తగ్గించుకోవాలని ఆరు ఎపిసోడ్లను ఫిల్మ్ వదిలి వీడియో టేపు మీద, స్టూడియోలో నాలుగైదు కెమెరాలతో తీశారు. సెర్లింగ్ కలం ఉంది, అదే ధోరణి కథలున్నాయి. కానీ నీడలు పోయాయి, ఆరుబయలు పోయింది, నాటకం చూస్తున్నట్టు తేలింది. ఆరుతోనే ఆ ప్రయోగానికి స్వస్తి చెప్పారు. వాటిలో ఒకటి రెండు కథలను ఇప్పటికీ మెచ్చుకుంటారు కాబట్టి రచన బలం సున్నా అనను. అయితే అదే ఏడాది వచ్చిన ‘ఐ ఆఫ్ ది బిహోల్డర్’ చూడండి. ఆసుపత్రి గదిలో డాక్టర్లు, నర్సులు కథంతా తిరుగుతారు, చివరిదాకా ఒక్కరి ముఖమూ మనకు కనబడదు. ఒకసారి నీడ అడ్డొస్తుంది, ఒకసారి పైనుంచి చూస్తాం, ఒకసారి వీపే కనిపిస్తుంది. పావు క్షణం పాటు ముఖం తెలిసినా కథ కుప్పకూలేది. రచయిత కాగితం మీద ‘ముఖాలు కనపడవు’ అని ఒక ముక్కలో రాసేస్తాడు. దాన్ని ఇరవై అయిదు నిమిషాలు నిలబెట్టింది క్లెమెన్స్.

బ్రిటన్ ‘డాక్టర్ హూ’ నా వాదనకు కొరుకుడుపడదని ఒప్పుకుంటాను. 1963 నుంచి చాలా ఏళ్లు అది ఎక్కువగా స్టూడియో వీడియోలో, అన్ని కెమెరాలకూ సరిపోయే చదునైన వెలుగులో నడిచింది, ఆదరణా పొందింది. అక్కడ వెలుగు చేయని పని శబ్దం చేసింది. డెలియా డర్బీషైర్ తయారుచేసిన ఆ టైటిల్ ధ్వని వింటే వేరే లోకం తలుపు తెరుచుకున్నట్టే ఉంటుంది. మినహాయింపు మినహాయింపే.

మనకైతే ఈ విద్య సైన్స్ ఫిక్షన్‌తో రాలేదు, మాయలూ మంత్రాలతో ఎప్పుడో వచ్చింది. మన సీమలోని తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి 1957లో ‘మాయాబజార్’ తీసినప్పుడు కెమెరా మార్కస్ బార్‌ట్లీది. ఆ సినిమాకు పనిచేసిన సహాయకుల్లో సింగీతం ఒకరు. ద్వారక నగరం కోసం సుమారు యాభై అడుగులకు అరవై అడుగుల జాగాలో మూడు వందల చిన్న చిన్న ఇళ్లు పేర్చి, వాటికి విడిగా విద్యుద్దీపాలు అమర్చారు. దీపాలు ఆర్పితే అది బొమ్మల కొలువు. ఇంత చరిత్ర ఉన్నవాళ్లం, నేటి సినిమా వస్తే గ్రాఫిక్స్‌కు ఎన్ని కోట్లయిందని అడుగుతాం. సమీక్షకులు ‘ఛాయాగ్రహణం కనువిందుగా ఉంది’ అని ఒక్క వాక్యంతో చేతులు దులుపుకుంటారు. కంప్యూటర్లో కట్టిన నగరానికీ సూర్యుడు ఏ దిక్కున ఉన్నాడో ఎవరో ఒకరు తేల్చాలి. నటుడి ముఖం మీద వెలుగు ఒకవైపు, వెనక నగరంలో నీడ మరోవైపు ఉంటే ఎన్ని కోట్లు పోసినా కన్ను మోసపోదు.

2010లో ‘మాయాబజార్’కు రంగులద్ది, సినిమాస్కోప్ తెరకు తగ్గట్టు మార్చి విడుదల చేశారు. కొత్త తరం చూసిందన్న సమర్థనలో నిజం లేకపోలేదు. కానీ బార్‌ట్లీ వెన్నెలను నలుపుకీ తెలుపుకీ మధ్య ఉన్న మెట్ల మీద కట్టాడు. దాని మీద నీలం పూస్తే ఆ మెట్లు కలిసిపోతాయి. పొడవు తెరకు కత్తిరిస్తే ఆయన లెక్క చూసుకుని వదిలిన ఖాళీ పోతుంది. ‘ఆదిత్య 369’ 2025లో 4కె హంగులతో మళ్లీ థియేటర్లకు వచ్చింది. ఇలాంటి పునరుద్ధరణ ఎవరు చేసినా, మూడు చేతుల పనిని ఒకే రంగుకు నున్నగా దిద్దాలనే ఉబలాటం కంప్యూటర్ ముందు కూర్చున్నవారికి కలుగుతుంది. అందుకే సినిమా మొదట్లో ఒక కార్డు వేయడం తప్పనిసరి చేయాలి. ఏ నెగటివ్ నుంచి తీసుకున్నారు, రంగులు దిద్దేటప్పుడు ఏ ప్రింటును ప్రమాణంగా పెట్టుకున్నారు, ఛాయాగ్రాహకుణ్ని గానీ ఆయన శిష్యుల్ని గానీ అడిగారా లేదా. ఈ మూడూ చెప్పడానికి రెండు వరుసలు చాలు.