గల్ఫ్ వలసలు - మానవ అక్రమ రవాణాకు దారితీస్తున్న కారణాలు

మానవ అక్రమ రవాణాకు పేదరికం ఒక్కటే కారణం కాదు. పేదరికం వలసకు పురికొల్పుతుంది; ఆ వలసను అక్రమ రవాణాగా మార్చేవి అప్పు, సమాచార లోపం, దళారీ వ్యవస్థ. రాయలసీమ, గోదావరి జిల్లాల నుంచి కువైట్, ఒమన్ తదితర దేశాలకు ఇంటిపనికి వెళ్లే మహిళల విషయంలో ఇది స్పష్టమవుతున్నది.

పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు 18 దేశాలకు ఉద్యోగార్థం వెళ్లడానికి 1983 నాటి వలసల చట్టం కింద సాధారణంగా ముందస్తు అనుమతి తప్పనిసరి. ఈ కోవకు చెందిన మహిళలకు కనీస వయస్సు 30 సంవత్సరాలు. నమోదు కాని ఏజెంట్లు సందర్శక వీసాపై పంపి ఈ నిబంధనలను దాటవేస్తున్నారు. ఫలితంగా పని ఒప్పందం గానీ, ప్రభుత్వం వద్ద వివరాలు గానీ ఉండవు.

నివాసానుమతి యజమానితో ముడిపడిన కఫాలా విధానం ఆమెను మరింత నిస్సహాయురాలిని చేస్తుంది. కార్మికురాలి సమ్మతి లేకుండా పాస్‌పోర్టు ఉంచుకోవడాన్ని కువైట్ 2015 నాటి గృహ కార్మికుల చట్టంలో నిషేధించినప్పటికీ, ఇళ్లలో తనిఖీ కష్టసాధ్యం.

2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం అక్రమ రవాణా నేర నిర్ధారణకు బాధితురాలి సమ్మతితో నిమిత్తం లేదు. కనుక "ఇష్టపడే వెళ్లింది" అన్న కారణంతో ఫిర్యాదును తోసిపుచ్చడం చట్టసమ్మతం కాదు.