కాలక్షేపం నవలలూ, స్త్రీ స్వేచ్ఛా

ఆడవాళ్ళు ఇష్టపడి చదివే తేలిక నవలల వల్ల స్త్రీజాతికి మేలా, కీడా అన్న వాదం తెలుగునాట దాదాపు అరవై ఏళ్ళుగా నలుగుతున్నదే. నిజ్వాలో మనవాళ్ళు నలుగురు కూడిన చోటకూడా ఈ మాట రాకపోదు. ఊరునుంచి ఎవరు వచ్చినా పెట్టెలో ఆవకాయ సీసా పక్కన రెండు పాత నవలలు ఉంటాయి. అవి అట్టలు ఊడేదాకా ఇల్లిల్లూ తిరుగుతాయి. “ఇంకా ఆ రాజశేఖరం కథలేనా?” అన్న మగవారి ఎగతాళీ వాటి వెంటే తిరుగుతుంది. అందువల్ల ఈ నెల ఈ శీర్షికలో మా అభిప్రాయం మనవి చేస్తున్నాము.

కీర్తిశేషురాలు యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ 1960ల మధ్యలో ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1976లో సినిమాగానూ వచ్చింది. కథ తెలియనివారుండరు. పేదింటి జయంతి ఉద్యోగానికి వెళ్ళింది. ఆత్మాభిమానం చంపుకోలేదు. చివరకు ధనవంతుడైన రాజశేఖరం ఆమెను కోరి చేసుకున్నాడు. విమర్శకులు ఈ మూడో మాట ఒక్కటే పట్టుకున్నారు. మేడ, కారు, అందగాడైన మొగుడు, ఇవి ఆడపిల్లలకు పగటికలలు నేర్పాయన్నారు. ఆ మాట అబద్ధమని మేము అనము. కాని మొదటి రెండు మాటల సంగతేమిటి? ఆడపిల్ల ఉద్యోగానికి వెడితే ఇరుగుపొరుగు చెవులు కొరుక్కునే రోజుల్లో, జీతం తెచ్చుకుంటూ తలెత్తుకు తిరిగే పిల్లను కథానాయికగా నిలబెట్టడం చిన్న పని కాదు.

ఇంకొక సంగతి. ఆ రోజుల్లో స్త్రీ పేరుకు పత్రికల్లో ఎంత గిరాకీ ఏర్పడిందంటే, పురాణం సుబ్రహ్మణ్యశర్మగారంతటివారు ‘ఇల్లాలి ముచ్చట్లు’ను పురాణం సీత పేరుతో రాశారు. ఆడవాళ్ళు చదువుతారు, వాళ్ళకోసం పత్రిక నడపాలి అన్న ఎరుక సంపాదకులకు కలిగించింది ఈ కాలక్షేపం నవలలే.

అమెరికాలో జానిస్ రాడ్వే అనే ఆమె ప్రేమ నవలలు చదివే గృహిణులను అడిగి తెలుసుకుని 1984లో ఒక పుస్తకం ప్రకటించింది. పుస్తకం పట్టుకున్నంతసేపూ ఆ కాలం తమదేననీ, అప్పుడు ఇంటిల్లిపాదికీ ఊడిగం చెయ్యనక్కరలేదనీ ఆ గృహిణుల భావం. అయితే చదివిన కథ మాత్రం వాళ్ళను మళ్ళీ ఆ కాపురంలోకే సమాధానపరచి పంపుతున్నదని రాడ్వే గమనించింది. రెండూ నిజమేనని మాకు తోస్తుంది.

తేలిక నవల ఎంతవరకు పోగలదో మనదేశంలోనే ఒక సంఘటన తేల్చింది. రంగనాయకమ్మగారి ‘జానకి విముక్తి’ 1970ల చివర ఒక వారపత్రికలో సీరియల్‌గా వస్తూ అభ్యంతరాల వల్ల మధ్యలో ఆగిపోయింది. తరువాత పుస్తకంగా వచ్చింది. పెళ్ళితో ముగిసే కథకు పత్రికలు పీట వేశాయి. పెళ్ళి తరువాత ఏం జరుగుతుందో చెప్పి, భార్య బయటికి నడవవచ్చునన్న కథ దగ్గరికి వచ్చేసరికి ఆ పీట లాగేశారు. కనుక లోపమంతా రచయిత్రులదీ, పాఠకురాళ్ళదీ అనడం న్యాయం కాదు. 1987లో వచ్చిన ఓల్గాగారి ‘స్వేచ్ఛ’ను చూడండి. అందులో అరుణది ప్రేమించి చేసుకున్న పెళ్ళే. ‘సెక్రటరీ’ ముగిసిన చోట ‘స్వేచ్ఛ’ మొదలవుతుందన్నమాట. వెనకటి నవలలతో చదవడం అలవాటైన ఆడవాళ్ళే ఈ కొత్త పుస్తకాన్నీ అందుకున్నారని మా నమ్మకం.

మనమున్న ఈ ఒమాన్‌లోనూ ఇదే కనిపిస్తుంది. ఇక్కడి రచయిత్రి జోఖా అల్ హార్తీ 2010లో అరబ్బీలో రాసిన నవల, ఇంగ్లీషు అనువాదానికి 2019లో మ్యాన్ బుకర్ అంతర్జాతీయ బహుమతి పొందింది. అందులో ముగ్గురు అక్కచెల్లెళ్ళు. వారిలో ఖౌలా, కెనడా వెళ్ళిన బావకోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తుంది. అతణ్ణే చేసుకుంటుంది. చివరకు అతడు తిన్నగా కాపురానికి వచ్చిన తరువాత విడాకులు కోరుతుంది. ఎదురుచూసే నాయిక మన నవలల్లో కొల్లలు. ఎదురుచూసిన కాలానికి లెక్క అడిగిన నాయిక మాత్రం అరుదు.

మన తేలిక నవలల్లో మాకు బాధ కలిగించేది మరొకటుంది. కాఫీ తెచ్చి బల్లమీద పెట్టి వెళ్ళిపోయే పనిమనిషికి వాటిలో తరచుగా పేరుకూడా ఉండదు. గోదావరి జిల్లాలనుంచి, కడపనుంచి గల్ఫుకు ఇంటిపనికి వచ్చి, జీతం ఊరికి పంపి పిల్లల్ని చదివిస్తున్న తెలుగు ఆడవాళ్ళు ఎందరో! తమ కష్టంతో ఇల్లు నిలబెడుతున్న అసలైన ఉద్యోగినులు వాళ్ళే. భర్త వీసామీద వచ్చి, డిగ్రీ కాగితాలు బీరువాలో పెట్టుకుని కూర్చున్న మనలో చాలామంది జయంతిని చూసి మురుస్తాము. ఆ పనిచేసే తల్లిని మాత్రం జయంతిగా గుర్తించము.

కనుక మా మనవి ఇది. నవలలు మానవద్దు. చదువుతున్నప్పుడు రెండు ప్రశ్నలు దగ్గర పెట్టుకోండి. నాయిక జీతం పెళ్ళి తరువాత ఏమయింది? ఆ ఇంట్లో కాఫీ ఎవరు పెట్టారు? జవాబు దొరకని నవల చేతికి వస్తే, దానితోపాటు ‘స్వేచ్ఛ’నూ పొరుగింటికి పంపండి. ఎగతాళి చేసే మగవారికి ముందుగా ఇస్తే మరీ సంతోషం.